నాణేఘాట్ ఎక్కి వచ్చాను

ప్రియ మిత్రమా,

ఇంటి సంగతులు మరొక ఉత్తరంలో వ్రాస్తాను. ముందు నాణేఘాట్ గురించి నీకు చెప్పనిదే నా మనసు ఊరుకోదు. పుణె జిల్లాలో జున్నర్‌కు పడమటగా, సహ్యాద్రి అంచున ఉన్న ఈ కనుమ, సాతవాహనుల కాలంలో సోపారా, కల్యాణ్ రేవులలో దిగిన సరుకును దక్కను పీఠభూమి మీదికి, అక్కడి నుండి వారి రాజధాని ప్రతిష్ఠానపురానికి (నేటి పైఠణ్) చేర్చిన దారి.

కొంకణం వైపు నుండి ఎక్కేకొద్దీ దారి ఇరుకై, చివరకు రెండు నల్లరాతి గోడల మధ్య సందుగా మిగులుతుంది. ఎద్దుల బిడారు ఒకదాని వెనుక ఒకటిగా తప్ప అక్కడ నడవలేదు కనుక, సుంకం వసూలు చేయడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. కొండ మీద ఉన్న పెద్ద రాతితొట్టిలోనే ఆ సుంకపు నాణేలు వేసేవారని స్థానికులు చెబుతారు. మరాఠీలో ‘నాణే’, మన ‘నాణెం’ ఒకే మాటలా వినిపించడం నాకెంత సంతోషం కలిగించిందో!

సందు దగ్గరే తొలిచిన గుహలో, మొదటి శాతకర్ణి భార్య నాగనిక వేయించిన ప్రాకృత శాసనం ఉంది. అది క్రీ.పూ. 1వ శతాబ్దానిదని చాలామంది పండితుల అభిప్రాయం. అశ్వమేధాలు, రాజసూయం, దక్షిణగా ఇచ్చిన ఆవులు, ఏనుగులు, ఒకచోట 24,400 కార్షాపణాలు (ఆనాటి నాణేలు), అన్నీ బ్రాహ్మీ అంకెలతో సహా అందులో ఉన్నాయి. వెనుక గోడకు ఒకప్పుడు రాజకుటుంబం విగ్రహాలు ఎనిమిది ఉండేవట. ఇప్పుడు పేర్లు, పాదాల ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి. ఇంతటి ఘనతను రాజధానిలో కాక దారిపక్కన ఎందుకు చెక్కించిందని చాలాసేపు ఆలోచించాను. ఎక్కి అలసిన ప్రతి వర్తకుడూ ఆగేది అక్కడే. ఆ దానాలకు ధనం వచ్చింది కూడా ఈ దారి మీది వర్తకం వల్లనే అయి ఉంటుందని నా నమ్మకం.

రేవు మూతపడితే కనుమ కూడా బోసిపోతుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’, కల్యాణ్‌కు చేరిన గ్రీకు ఓడలను కాపలాతో గుజరాత్ తీరంలో శక రాజులైన క్షత్రపులు ఏలిన భరుకచ్ఛం (నేటి భరూచ్) రేవుకు పంపేవారని చెబుతుంది. క్షత్రపులకూ సాతవాహనులకూ నడిచిన పోరులో ఈ రేవులూ దారులూ ఎంత విలువైనవో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

వానలు వెనుకబట్టి రాళ్ల మీది పాకుడు ఆరాక మళ్లీ వెళతాను, నీవూ రా. జున్నర్ నుండి బండిలో పైకి చేరవచ్చు గానీ, మనం మాత్రం కింది నుండే ఎక్కుదాం.

నీ మిత్రుడు