పంచాంగం కింద ఇంకో లైన్ వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం. మీరు రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం వేస్తారు కదా, దాని కిందే ఈ సాయంత్రం ఏ గ్రహం ఎటువైపు కనిపిస్తుందో ఒక్క లైన్ వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

2023లో ఉగాది వెళ్లిన రెండో రోజు, మార్చి 24 శుక్రవారం, చంద్రుడు శుక్రుడికి అడ్డమొచ్చి పక్కకి తప్పుకున్నాడు, పొద్దుగూకాక చూస్తే తదియ నెలవంక కిందే శుక్రుడు, బులాకీ ముత్యంలాగా. నేను డాబా మీద బట్టలు తీయడానికి వెళ్లి అనుకోకుండా చూశా. కేకేస్తే మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ మెట్లెక్కని మా అత్తయ్య గారు కూడా గోడ పట్టుకుని పైకొచ్చేశారు. నెలవంక లోపల మిగతా చందమామ కూడా బూడిదరంగులో లీలగా కనిపిస్తుంటే "అదేంటే, పున్నమి చంద్రుడు ఇప్పుడే లోపలున్నాడు" అన్నారావిడ. భూమ్మీద పడ్డ ఎండే తిరిగెళ్లి చంద్రుడి మీద పడితే అలా కనిపిస్తుందని మా అబ్బాయి చెప్పాడు. బట్టలు తీగ మీదే ఉండిపోయాయి ఆ రాత్రి.

అదే 2020 డిసెంబర్ 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు దూరానికి వచ్చేశారంటే మాకు మర్నాడు పేపర్లో ఫొటో చూశాక గానీ తెలియలేదు. మళ్లీ అంత దగ్గరికి రావడం 2080లోనే అంట, నాకైతే ఇంక లేనట్టే. ఫొటో మర్నాడు వేసేకన్నా ముందు రోజు ఒక మాట చెప్తే ఎంత బాగుండు సార్.

ఇదేం మీకు కొత్త పని కూడా కాదు, తిథి అంటేనే చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు దూరం జరగడం కదా, అంటే ఆకాశం లెక్క రోజూ వేస్తూనే ఉన్నారు, తల ఎత్తి చూడమని మాత్రం చెప్పట్లేదు. చంద్రుడు 27 రోజులకోసారి చుట్టు తిరిగొస్తూ అన్ని గ్రహాల పక్కనుంచీ వెళ్తాడు కాబట్టి రాయడానికి ప్రతి నెలా ఏదో ఒకటి ఉంటుంది. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలు దాటి పోడు కాబట్టి సందెవేళ పడమరే, లేదంటే తెల్లారుజామున తూర్పున వేగుచుక్క. గురుడైతే మామూలు బైనాక్యులర్స్‌తో చూసినా పక్కన చుక్కల్లా నాలుగు చందమామలు కనిపిస్తాయి, కాకపోతే సూర్యుడు పూర్తిగా దిగాకే బైనాక్యులర్స్ తీయమని పిల్లలకి ఆ లైన్లోనే రాయండి.

రోజూ కుదరకపోతే విదియ నుంచి పంచమి దాకా నాలుగు రోజులైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఖమ్మం