మూడు బండ్ల పులిహోర

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. వంట మేస్త్రీని. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు, సీమంతాలకు, పెద్దకర్మలకు వండిపెడుతున్నాను. మొన్న మీ జిల్లా పేజీలో ఒక వార్త చదివాను. వానలు ముంచుకొస్తే గంటలో భోజనం పొట్లాలు పంపడానికి సేవా సంఘాలవాళ్లు రెడీగా ఉన్నారని రాశారు. మంచి మాటే. 2021లో నేనూ అదే మాట అన్నాను, అన్నట్టే చేశాను కూడా. అప్పుడేం జరిగిందో చెబుదామనే ఈ ఉత్తరం.

ఆ ఏడాది నవంబర్ 18 నాటి వానను తిరుపతివాళ్లు ఇప్పట్లో మర్చిపోరు. తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. మెట్లదారి ఏరైపోయింది. ఊళ్లో లోతట్టు వీధులన్నీ చెరువులే. మరునాడు తెల్లారకముందే మాకు తెలిసిన ఒక సంఘం పెద్ద ఫోన్ చేసి, "మేస్త్రీ, పదకొండుకల్లా వెయ్యి పొట్లాలు" అన్నాడు. ఏం వండాలని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇలాంటప్పుడు ఎవరైనా వండేది పులిహోరే. చింతపండు పడిన అన్నం తొందరగా పాడుకాదు, పొట్లం కడితే కారదు, పక్కన కూర అక్కర్లేదు. నాలుగు మూటల బియ్యం అండాల్లో పోశాం. మావాళ్లు ఆరుగురు, సాయానికి వీధిలో ఆడవాళ్లు నలుగురు. చెనిక్కాయలు ఇంకా వేగుతుండగానే బయట టెంపోవాడు హారన్ కొడుతున్నాడు. అన్నం ఆరబెట్టే టైము లేదు. వేడివేడిగానే కవర్లలో నొక్కి ఎర్ర రబ్బరు బ్యాండ్లు వేసేశాం.

కాలనీకి పోయేసరికి మా టెంపో ముందు ఇంకో రెండు బండ్లు నిలబడి ఉన్నాయి. ఒకటి ఏదో గుడి తరఫున వచ్చింది, ఇంకొకటి కాలేజీ పిల్లలు చందాలు వేసుకుని తెచ్చింది. రెండింట్లోనూ పులిహోరే. మాది మూడో బండి. మిద్దె మీది నుంచి ఒకామె, చంకలో ఏడెనిమిది నెలల బిడ్డ, కిందికి వంగి అడిగింది. "అన్నా, పొద్దుట్నుంచి మా ఇంటికి ఇది ఆరో పొట్లం. పాలపొడి ఏమన్నా తెచ్చినారా?" తేలేదు. పక్క మిద్దె మీద ఒక పెద్దాయన, షుగరు మాత్రలు నీళ్లలో పోయాయి, అన్నం తినాలంటే భయంగా ఉంది, రెండు చపాతీలుంటే ఇవ్వమన్నాడు. అవీ లేవు. వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడం బాగుండదని వాళ్లే మొహమాటపడి మా పొట్లాలు తీసుకున్నారు.

సాయంత్రం ఖాళీ అండాలతో అదే దారిన వస్తుంటే ఒక ప్రహరీ గోడ వారన కవర్ల కుప్ప కనిపించింది. ఎర్ర రబ్బరు బ్యాండ్లు చూసి మావేనని గుర్తుపట్టాను. ఒకటి విప్పాను. కవరు లోపలంతా చెమట పట్టి ఉంది. అన్నం జిగటైపోయింది, చింతపండు పులుపు కాదు, ఇంకేదో పుల్లటి కంపు. ఆరబెట్టకుండా కట్టిన పాపం నాదే, ఇంకొకరిని అనను. ముప్పై ఏళ్లలో నా చేతి వంటను నేనే ముక్కు మూసుకుని పారబోసింది ఆ ఒక్కరోజే.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అన్నం నాలుగు పొట్లాలు మిగిలితే కొంపలేమీ మునగవు. ఆ తర్వాత రెండు మూడు రోజులకు రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయని రామచంద్రాపురం మండలంలో ఊళ్లు ఖాళీ చేయించారు కదా, అప్పుడు బియ్యం దించడానికి నేనూ అటు పోయాను. దారిలో ఒక కుంట కింద యానాదుల గుడిసెలు పదో పన్నెండో ఉన్నాయి. అక్కడికి పోయే కల్వర్టు కొట్టుకుపోయింది. బండి పోదు, కాబట్టి ఏ సంఘమూ పోలేదు. మేము మూట నెత్తిన పెట్టుకుని దిగి పోయాం. "రెండు దినాలు టీ నీళ్లే సామీ" అంది ఒక ముసలామె. పైకి కూడా లేవలేదు, కూర్చునే చెప్పింది. నా ఎర్ర రబ్బరు బ్యాండ్ల కుప్పకూ ఆమె గుడిసెకూ మధ్య గంట ప్రయాణం కూడా లేదు.

మా అక్క కొడుకు నైరోబీలో ఒక సహాయ సంస్థ స్టోర్సులో పనిచేస్తాడు. సోమాలియాకు పోయే జొన్నలు, పప్పు, నూనె లెక్కలు చూడటం వాడి పని. ఆ సంక్రాంతికి ఊరికి వస్తే ఈ సంగతంతా వాడికి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మామా, మా దగ్గరా ఇంతే. ఒకే ఊరికి ముగ్గురు పోతారు, పక్క ఊరికి ఒక్కడూ పోడు. అందుకే ఒక పట్టిక పెట్టుకున్నారు. ఎవరు, ఏమి, ఎక్కడ. అంతే" అన్నాడు. 2005 నుంచి ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు పనిని ఇలా గుంపులుగా పంచుకున్నాయట. నీళ్ల సంగతి ఒక గుంపు, వైద్యం ఒక గుంపు. తిండి సంగతి చూసే గుంపుకు ప్రపంచ ఆహార కార్యక్రమం, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి పెద్దరికం చేస్తాయట.

నాకు అంతకన్నా నచ్చింది వాళ్ల వానల లెక్క. సోమాలియాకు రెండు వానలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పడేది గు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడేది డేర్. ఒక్కో వాన అయిపోగానే ఆ సంస్థల మనుషులు ఊళ్లు తిరిగి వాకబు చేస్తారు. పంటెంత వచ్చింది, సంతలో జొన్నల ధర ఎంత, మేకను అమ్మితే ఎన్ని కిలోల జొన్నలొస్తాయి. చిన్నపిల్లల జబ్బకు టేపు చుట్టి చూస్తారు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ 11.5 సెంటీమీటర్ల కన్నా సన్నగా ఉంటే ఎర్ర గుర్తు. అన్నీ కలిపి ప్రాంతాలను ఐదు అంచెలుగా విడదీస్తారు. ఒకటి మామూలు, ఐదు క్షామం. మూడో అంచె అంటేనే సాయం అందాలని అర్థమట.

మేక లెక్క విన్నాక మా పడమటి మండలాలే గుర్తొచ్చాయి. గడ్డి లేని ఏడాది పాడి ఆవులు ఎంతకు అమ్ముడుపోతున్నాయో, గడ్డి ట్రాక్టరు ఎంత పలుకుతోందో చూస్తే చాలు, ఏ ఊరు ఎంత కష్టంలో ఉందో సంతలో నిలబడే చెప్పేయొచ్చు. అది రాసుకునేవాళ్లే లేరు.

లెక్క ఒక్కటే ఉంటే చాలదు, అదీ వాడే చెప్పాడు. 2010లో డేర్ వాన తప్పింది. హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. సాయుధ ముఠాలు దారులు మూయడం ఒకవైపు, డబ్బు కదలకపోవడం ఇంకోవైపు. చివరికి 2011 జూలై 20న క్షామం ప్రకటించారు. మొత్తం మీద సుమారు 2,58,000 మంది పోయారని తర్వాత లెక్క తేలింది. అందులో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. "అంతా కాగితం మీద ఉండింది మామా" అని ఊరుకున్నాడు. నేనింకేం అడగలేదు.

నా పొట్లం లెక్క కూడా ఆ రాత్రి కూర్చుని వేశాం. ఈ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు సుమారు 2,100 కిలో కేలరీలు కావాలి. నా పొట్లంలో పడేది వంద గ్రాముల బియ్యం, కాస్త నూనె, గుప్పెడు కూడా లేని చెనిక్కాయలు. ఎంత ధారాళంగా లెక్కేసినా 500 దాటదు. అంటే రోజుకు నాలుగు పొట్లాలు తిన్నా ఇంకా కొంచెం తక్కువే, పైగా పూటపూటా పులిహోరే. మావాడి స్టోర్సు లెక్క వేరు. తలకు రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, ఉప్పు. ఐదుగురున్న ఇంటికి నెలకు 60 కిలోల ధాన్యం, 9 కిలోల పప్పు, నాలుగు కిలోలకు కాస్త తక్కువ నూనె అవుతుంది. మన రేషను కార్డు మీద తలకు 5 కిలోల చొప్పున అదే ఇంటికి వచ్చేది 25 కిలోల బియ్యం. మిగతాది కూలి డబ్బుతో కొనుక్కోవాలి. ఆ కూలే లేకపోతే?

ఆ ఏడాది జరిగింది అదే. మావైపు వేరుశనగ పీకేది అక్టోబర్, నవంబర్ నెలల్లో. పీకి చేలో వేసిన చెట్లు వానకు నానిపోయి కాయ కాయకూ మొలకలొచ్చాయి. వేరుశనగ కట్టె కుళ్లింది, ఆవులు మూతి పెట్టలేదు. కాయలు ఒలిచే పని లేదు, వరి కోత పని సగానికి సగం. వరద వారంలో రోజుకు మూడు బండ్లు వచ్చిన జనానికి జనవరిలో ఒక్క బండీ రాలేదు. నీళ్లు తీశాయి, ఫోటోలు అయిపోయాయి. నేనూ పోలేదు, దాచడం ఎందుకు. నా పనిలో నేనున్నాను.

ఇదంతా బయటిదేశం వాళ్ల తెలివి అనుకోనక్కర్లేదు. 1876లో మొదలైన ధాత కరువు తర్వాత తెల్లదొరల ప్రభుత్వం కరువు నియమావళి అని ఒకటి రాయించింది. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ధాన్యం ధర ఎగబాకినా, జనం ఊళ్లు వదిలి తిరుగుతున్నా కలెక్టరు కనిపెట్టి రాయాలి. తక్కువ కూలికి మట్టిపని పెట్టి, దానికి కూడా జనం ఎగబడితే కరువు వచ్చినట్టే. వాళ్లు పిసినారులే, సందేహం లేదు. కానీ ముందుగా చూసి రాసిపెట్టుకోవాలన్న సంగతి మాత్రం నూటనలభై ఏళ్ల కిందటే ఈ నేల మీద ఉంది.

2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు నేను పొయ్యి వెలిగించే ముందు ఫోన్ చేశాను. అప్పటికి మన తిరుపతి వేరే జిల్లా అయి గూడూరు, సూళ్లూరుపేట దాకా పెరిగింది, నాకు అటు తెలిసినవాళ్లు తక్కువ. నాయుడుపేట వైపు ఒక ఊళ్లో రేషను డీలరు నంబరు దొరికింది. ఏం పంపమంటారని అడిగాను. "బియ్యం ఉండాయి మేస్త్రీ, పొయ్యిలే లేవు. కట్టెలు నానిపోయినాయి" అన్నాడు. రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు, నాలుగు సిలిండర్లు, రెండు అండాలు, పప్పు, నూనె, పాలపొడి డబ్బాలు బాడుగ ఆటోలో పంపాను. ఊరి ఆడవాళ్లే బడిలో వండుకున్నారు. వేడన్నం, పప్పుచారు. నేను 2021లో పెట్టిన ఖర్చులో సగం కూడా కాలేదు. ఒక్క ఫోన్ కాల్ తేడా. ఆ నంబరు నాకు దొరకడం అదృష్టం, అంతే. ఇలాంటివి అదృష్టం మీద నడవకూడదనే నా బాధ.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టరు గారు అధ్యక్షులుగా ఒక అథారిటీ ఉంటుంది. వాళ్లను కోరేది పెద్దదేమీ కాదు. ఈశాన్య రుతుపవనాలు రాకముందు ఏడాదికొకసారి గుడులవాళ్లను, మసీదు, చర్చి కమిటీలను, సేవా సంఘాలను, మాలాంటి వంటవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టండి. బాలింతలెవరు, ఆరేళ్లలోపు పిల్లలెంతమంది అన్నది అంగన్‌వాడీ టీచరు రిజిస్టరులో ఇప్పటికే ఉంది. ఏ కల్వర్టు తెగితే ఏ గుడిసెలు ఒంటరవుతాయో సచివాలయంలో అడిగితే చెబుతారు. వరద వచ్చిన రోజు ఒక్క ఫోన్ నంబరు, ఒక్క పట్టిక. ఫలానా కాలనీకి మధ్యాహ్నం అన్నం పోయింది, ఇక వద్దు అని అందులో రాసి ఉంటే మూడో బండి ఇంకో దారి పడుతుంది. వరద పోయిన రెండు నెలలకు ఆ మనుషులే మళ్లీ ఒకసారి తిరిగి, ఎవరికి కూలి దొరికింది, ఎవరి ఆవులు సంతకు పోతున్నాయి చూసి రావాలి. నన్నడిగితే ఈ రెండో తిరుగుడే ముఖ్యం. దానికి పేపర్లో ఫోటో పడదు, అందుకే ముందే పేర్లు రాయించుకోవాలి.

మీటింగు పెట్టేదుంటే భాద్రపదంలో పెట్టమని నా మనవి. శూన్యమాసం, పెళ్లి వంటలుండవు, అధిక మాసం రాని ఏడాదైతే బ్రహ్మోత్సవాల హడావిడి కూడా ఇంకా మొదలుకాదు. మేస్త్రీలందరం ఖాళీగానే ఉంటాం. నా దగ్గర రెండు పెద్ద పొయ్యిలు, ఆరు అండాలు, ఎనిమిది మంది మనుషులు ఉన్నారు. పట్టికలో రాసుకోమనండి. పులిహోర మాత్రం అడిగితేనే వండుతాను.

ఇట్లు,
ఒక వంట మేస్త్రీ,
కొర్లగుంట, తిరుపతి.