మీ బగ్గీ టాపుకు మోకాళ్ళు లేవు

రాజమహేంద్రవరం,
18 జూన్ 2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
పెళ్ళి బగ్గీల తయారీ సంస్థ,
హైదరాబాదు.

విషయం: గత నవంబరులో మీ వద్ద కొన్న విక్టోరియా నమూనా బగ్గీ – మడత టాపు లేపే, దించే ఏర్పాటులో లోపం – మార్చి ఇవ్వడం లేదా సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

పెళ్ళి ఊరేగింపులకు బగ్గీ అద్దెకు తిప్పి బతికేవాడిని నేను. నాకున్నది ఒక గుర్రం, ఒక బండి. ఆ బండి మీరు చేసిందే. 3,40,000 రూపాయలు కట్టి, రసీదు తీసుకుని, గత కార్తీకంలో లారీ మీద మా ఊరికి తెచ్చుకున్నాను. ఇప్పుడది మా షెడ్డులో తాడుతో కట్టేసి ఉంది. గుర్రాన్ని కట్టేయడం ఎవరికైనా తెలుసు. బండి టాపును కట్టేయవలసి వస్తుందని మాత్రం నేను ఎన్నడూ అనుకోలేదు.

ముందు జరిగింది చెబుతాను. మే నెల రెండో వారంలో ఒక పెళ్ళి. రాత్రి ఎనిమిదిన్నరకు దేవీచౌక్ దాటి కోటగుమ్మం వైపు ఊరేగింపు సాగుతోంది. ఫోటోల కోసం టాపు దించే ఉంచాం. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి చినుకులు మొదలయ్యాయి. పెళ్ళికూతురి తండ్రి టాపు వేయమని కేక వేశారు. సీటు పక్కన ఎడమవైపు మీరు పెట్టిన హ్యాండిల్ లాగాను. ఎడమవైపు కడ్డీలు వెంటనే లేచాయి. కుడివైపువి కాస్త ఆలోచించుకుని లేచాయి. టాపు ఒక పక్కకు మెలి తిరిగినట్టే ఉన్నా మొత్తానికి నిలబడింది. నిలబడిందని నేను నమ్మాను, అదే నా తప్పు.

రెండు వందల అడుగులు వేశామో లేదో, ఎదురు నుంచి ఒక విసురు గాలి వచ్చింది. గొడుగు తిరగబడినట్టు టాపు మొత్తం ఒక్క దెబ్బకు వెనక్కి పడిపోయింది. పోతూ పోతూ పెళ్ళికొడుకు తలపాగాను రోడ్డు మీదకు విసిరేసింది. వెనక మెట్టు మీద నిలబడి వంపు కడ్డీని పట్టుకున్న పెళ్ళికూతురి తమ్ముడి వేళ్ళు రెండు కడ్డీల మధ్య నలిగాయి. పదహారేళ్ళ కుర్రవాడు. రెండు వేళ్ళకు కుట్లు పడ్డాయి. ఎముక విరగలేదు, అంతవరకు అదృష్టం. అంతటితో ఆగితే బాగుండేది. టాపును పైకి నెట్టడానికి మీరు లోపల పెట్టిన గ్యాస్ రాడ్లు, పడిన టాపును మళ్ళీ సగం దాకా పైకి ఎగదన్నాయి. ఆ రెండో చప్పుడుకు మా చుక్క బెదిరి పరుగు అందుకుంది. పదేళ్ళుగా బ్యాండు మోతల మధ్య, టపాకాయల మధ్య తిరిగిన గుర్రం అది. బ్యాండు వాళ్ళలో ఇద్దరు కళ్ళెం పట్టుకుని ఆపకపోతే ఈ ఉత్తరం మీకు పోలీసు స్టేషను నుంచి వచ్చేది.

మర్నాడు ఇన్నీసుపేటలో నాకు తెలిసిన వెల్డింగు షాపుకు బండి తీసుకుపోయి టాపు గుడ్డ విప్పించాను. అక్కడ బయటపడింది అసలు సంగతి.

టాపుకు రెండు పక్కలా బయట మెరిసే ఎస్ ఆకారపు ఇత్తడి కడ్డీలున్నాయి కదా, మీ ప్రచార పత్రం మొదటి పేజీలో పెద్ద బొమ్మ వేసి 'రాజసం' అని రాసిన కడ్డీలు. మడత టాపు ఉన్న పాతకాలపు గుర్రపు బండ్లకు, అంటే విక్టోరియాలకు, లాండోలకు, టాపును మోసేది ఆ కడ్డీయే. దాని నడుమ కీలు ఉంటుంది. టాపు లేపినప్పుడు అది చాపిన కాలులా బిగుస్తుంది, దించినప్పుడు మడుచుకుంటుంది. మీ కడ్డీకి నడుమ ఉన్నది కీలు కాదు, వెల్డింగుతో అంటించిన ఇత్తడి గుబ్బ. కింది కొస ఒక గాడిలో అటూ ఇటూ జారుతోంది. అంటే అది దేన్నీ మోయడం లేదు, టాపు ఎటు పోతే అటు వెంట పోతోంది. అమెరికాలో శవవాహనాల పక్కన ఈనాటికీ ఇలాంటి ఎస్ కడ్డీలు బిగిస్తారు, పాత గుర్రపు బండ్ల గుర్తుగా. వాటి పైకప్పు మడతపడదు, కడ్డీ అలంకారం మాత్రమే. శవాల బండికి అది చెల్లుతుంది. లోపలున్న మనిషి వాన పడుతోంది టాపు వేయమని అడగడు. నా బండిలో కూర్చునేవాళ్ళు అడుగుతారు.

మరి టాపును మోస్తున్నది ఏమిటి? కారు డిక్కీ తలుపుకు బిగించే గ్యాస్ రాడ్లు, పక్కకు ఒకటి. డిక్కీ తలుపు బండి ఆగి ఉన్నప్పుడు తెరుస్తారు. దాని మీద ఎదురుగాలి కొట్టదు. బగ్గీ టాపు నోరు ముందుకు తెరుచుకుని ఉంటుంది, నడిచే బండి మీద అది తెరచాపతో సమానం. గ్యాస్ రాడ్డు తన బలం ఉన్నంతవరకు నెడుతుంది. గాలి బలం దానికి మించిన క్షణాన లొంగిపోతుంది. పైగా వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున ఈ టాపు బద్ధకంగా లేచేది, మే ఎండలో కొక్కెం తీయగానే మీదకు దూకేది. ఈ తేడా ఎందుకో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

కడ్డీ నడుమ ఉండే ఆ కీలును నేను మోకాలు అంటాను. దాని సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. మీ ఇంజినీర్లకు ఇది తెలియకపోతే తెలుసుకుంటారు, తెలిసీ చేసి ఉంటే నేను కనిపెట్టానని తెలుస్తుంది. నిలబడిన మనిషి మోకాలు పూర్తిగా చాపి ఉంచితే చాలాసేపు నిలబడగలడు. కొంచెం వంచి నిలబడమనండి, కాసేపటికి తొడలు వణుకుతాయి. టాపు కడ్డీ కీలు కూడా అంతే. దాన్ని సరిగ్గా సూటి గీత దగ్గర ఆపకూడదు, గీత దాటించి వెంట్రుకవాసి అవతల ఒక అడ్డు పెట్టి ఆపాలి. అప్పుడు గాలి ఎంత నెడితే కీలు ఆ అడ్డుకు అంత గట్టిగా ఆనుకుంటుంది. గాలే దానికి తాళం. దించాలనుకున్నప్పుడు కీలు కింద అరచేత్తో ఒక్క పోటు పొడిస్తే చాలు, మడుచుకుంటుంది. ఇందులో గ్యాస్ లేదు, స్ప్రింగు లేదు, ఎండకు ఉబ్బేది ఏదీ లేదు. అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె పోస్తే చాలు.

ఇది మహారాజుల రహస్యం కూడా కాదు. మా తాతగారు జట్కా తోలేవారు. దాని గూడు కదలనిది, లేపే పని లేదు, దించే పని లేదు. మా నాన్నగారు రిక్షా తొక్కేవారు. రిక్షా టాపుకు రెండు పక్కలా చిన్న ఇనుప మోకాళ్ళు ఉండేవి. గోదావరి గట్టు మీద వాన అందుకుంటే ఆయన సీటు దిగకుండానే వెనక్కి తిరిగి ఒక చేత్తో టాపు లాగి, టకటకమని రెండు మోకాళ్ళూ తట్టేవారు. ఆషాఢం గాలికి కూడా ఆ టాపు ఒరిగినట్టు నాకు గుర్తు లేదు. వీధి చివర కమ్మరి చేసిన పని అది. 3,40,000 రూపాయల బగ్గీలో అది లేదు.

ఇక హ్యాండిల్ ఒక్క ఎడమవైపే పెట్టడం గురించి. కుడివైపు కడ్డీలను ఎడమవైపు కడ్డీలే టాపు గుడ్డ ద్వారా ఈడ్చుకుపోవాలి. గుడ్డ సాగుతుంది, రెండు పక్కలూ ఒకేసారి చివరికి చేరవు. దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అమెరికాలో బగ్గీ తోలేవాళ్ళు వానలో చేయి బయటకు చాపి ముందు ఒక పక్క కీలు, తర్వాత రెండో పక్క కీలు నొక్కవలసి వచ్చేది. ఆ బాధ తప్పించడానికే 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడివాళ్ళు కూర్చున్న చోటి నుంచే టాపు లేపి దించే సాధనాలకు వరసగా పేటెంట్లు తీసుకున్నారు. వాటిలో తేలికగా అర్థమయ్యే పద్ధతి ఇది: సీటు వెనక అడ్డంగా ఒక ఇనుప కడ్డీ వేసి రెండు పక్కల కీళ్ళనూ దానికి కలిపితే, ఒక చోట లాగినా రెండు మోకాళ్ళూ కలిసే కదులుతాయి. నా బండిలో ఆ అడ్డకడ్డీ వేయడానికి చోటు కూడా ఉంది. మా వెల్డింగు మేస్త్రీ కొలిచి చూపించాడు.

మీరు కారు సామాను తెచ్చి బగ్గీకి బిగించి 'ఆధునికం' అన్నారు. నాకు నవ్వొచ్చింది. టాపు పని కారుకు నేర్పిందే బగ్గీ. 1886లో అమెరికాలోని ఫ్లింట్ ఊళ్ళో గుర్రపు బండ్ల వ్యాపారంతో మొదలైన విలియం డ్యురాంట్ 1908లో జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ పెట్టాడు. తొలి కార్ల టాపులు బగ్గీ టాపుల వంటివే, వంపు కడ్డీల మీద పరిచిన గుడ్డ. ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు టాపును లేపడానికి చాలా ఏళ్ళు ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఒక్కరే లేపగలిగే టాపు 1920లలో గానీ దానికి రాలేదు. మీ బగ్గీ మళ్ళీ ఇద్దరి దగ్గరికే చేరింది. మే ఎండలో గ్యాస్ రాడ్లకు ఎదురొత్తి టాపు దించాలంటే నేనూ మా అబ్బాయీ చెరో పక్కన వేలాడుతున్నాం. మీ ప్రచార పత్రం మాత్రం 'ఒక చేత్తో, ఐదు సెకన్లలో' అంటోంది.

చిన్నవి మరో రెండు. టాపు దించాక మడిచిన కడ్డీలు ఆనడానికి వెనక దిమ్మ లేదు, కట్టడానికి తోలు పట్టీ లేదు. గతుకుల్లో కడ్డీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఆరు నెలలకే రెక్సిన్ మూడు చోట్ల చిరిగింది. కీళ్ళన్నీ రివెట్లతో బిగించారు. అరిగితే విప్పి మార్చడానికి బోల్టు ఒక్కటీ లేదు.

మీ సేవా విభాగానికి మూడు సార్లు ఫోను చేశాను. మొదటిసారి బండి ఫోటోలు పంపమన్నారు, పంపాను. రెండోసారి 'గాలి ఉన్నప్పుడు టాపు వేయరాదు' అన్నారు. అయ్యా, గోదావరి జిల్లాలో గాలి లేకుండా ఒంటరిగా వచ్చే వాన ఏ నెలలో పడుతుందో దయచేసి రాసి పంపండి, ఆ నెలలోనే ముహూర్తాలు పెట్టించుకుంటాం. మూడోసారి 'టాపు అలంకారం కోసం ఉద్దేశించినది' అన్నారు. మీ పత్రం నాలుగో పేజీలో 'అన్ని కాలాల టాపు' అని ఉంది. ఆ పేజీ నకలు జత చేస్తున్నాను. ఈ రెండు మాటల్లో ఏది మీదో మీరే తేల్చుకోండి.

చివరి ఫోనులో మీ ఉద్యోగి రెండు మాటలు అన్నారు, వాటికీ జవాబు రాస్తున్నాను. ఇది వ్యాపారానికి కొన్నది కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది, స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి కొని తానే వాడుకునేవాడు వినియోగదారుడే. పగ్గాలు పట్టేది నేను, గుర్రానికి మాలిష్ చేసేది నేను, టాపు కింద నలిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి తల వంచుకుని కూర్చున్నదీ నేనే. రెండోది, రసీదు వెనక 'వివాదాలు హైదరాబాదులోనే' అని అచ్చు వేశామన్నారు. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని అదే చట్టం చెబుతోంది. అందుకు రెండేళ్ళ గడువూ ఉంది. ఆ గడువంతా వాడుకోవాలని నాకు లేదు. శ్రావణంలో ఐదు పెళ్ళిళ్ళకు బయానా తీసుకున్నాను.

నేను అడిగేది ఇది. రెండు పక్కలా నిజమైన కీలు ఉన్న కడ్డీలు, సూటి గీత దాటాక ఆపే అడ్డుతో, అడ్డకడ్డీతో కలిపి బిగించాలి. గ్యాస్ రాడ్లు తీసేయాలి. దిమ్మలు, పట్టీలు, కొత్త గుడ్డ మీ ఖర్చుతోనే వేయాలి. ఏడాది వారంటీ నవంబరు దాకా ఉంది. ఇది మీ వల్ల కాకపోతే బండి తీసుకుపోయి సొమ్ము పూర్తిగా తిరిగి ఇవ్వండి. కుర్రవాడి వైద్యానికి నేను కట్టిన 6,800 రూపాయలు ఏ పద్ధతిలోనైనా ఇవ్వవలసిందే. ఆ రాత్రి అద్దె నేనే వాపసు ఇచ్చేశాను, దాన్ని అడగడం లేదు. ఆ పెళ్ళివారి ముఖం చూశాక ఆ డబ్బు ఉంచుకోబుద్ధి కాలేదు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి.

ఎస్ కడ్డీలు మీరు తీసుకుపోవద్దు, వెల్డింగు షాపులోనే ఉంచాను. కమిషన్‌కు చూపించవలసి వస్తే అవి కావాలి.

మరొక్క మాట. మీ మనిషిని పంపేటట్టయితే ముందుగా ఫోను చేసి రమ్మనండి. షెడ్డు తాళం మా అబ్బాయి దగ్గరైనా దొరుకుతుంది కానీ, టాపుకు కట్టిన తాడును ఎవరూ ముట్టుకోవద్దు. కుడివైపు కొక్కెం పనిచేయడం లేదు, ఆ తాడు ఒక్కటే దాన్ని పట్టి ఉంచింది. నేను వచ్చి విప్పుతాను.

ఇట్లు,
మీ వద్ద బగ్గీ కొన్నవాడు,
రాజమహేంద్రవరం.

జత చేసినవి: రసీదు నకలు, ప్రచార పత్రం ఒకటో పేజీ, నాలుగో పేజీ, విప్పిన టాపు ఫోటోలు ఏడు, ఆసుపత్రి బిల్లు.