గ్రీన్ టీ క్యాప్సూల్ డబ్బా మీద ఆ ఒక్క అంకె వేయించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

గ్రీన్ టీ సారంతో చేసిన క్యాప్సూళ్ల లేబుళ్ల గురించి మీ శాఖకు పంపిన వినతిపత్రాలు అందినట్టు రసీదులు మా దగ్గర ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. కనీసం పరిశీలిస్తున్నామన్న మాట కూడా రాలేదు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

ముందే ఒక మాట. కప్పులో తాగే టీ మీద మాకు ఫిర్యాదు లేదు. ఆకును వేడినీళ్లలో నానబెట్టి వడగట్టుకుని తాగేవాళ్లకు కాలేయం దెబ్బతినడం చాలా అరుదు. మా గోడంతా ఆ ఆకు సారాన్ని చిక్కగా తీసి, పొడి చేసి, క్యాప్సూళ్లలో నింపి, టీ పేరుతోనే అమ్ముతున్న సరుకు గురించి.

ఆ డబ్బా మీద ఏముంటుందో మీ అధికారులకు తెలుసు. ‘గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 500 మి.గ్రా.’ అని ఉంటుంది. అది సారం బరువు మాత్రమే. ఆ సారంలో పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు కొంత, వాటిలో కాటెకిన్లు అనే రకం కొంత, ఆ కాటెకిన్లలో ఈజీసీజీ అనే ఒక్క పదార్థం కొంత. కాలేయానికి సంబంధించి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఈ చివరి అంకె. చాలా డబ్బాల మీద లేనిదీ అదే. సారంలో ఈజీసీజీ 45 శాతం ఉంటే ఒక్క క్యాప్సూల్‌లో 225 మిల్లీగ్రాములు. రోజుకు రెండు వేసుకుంటే 450. తొందరగా సన్నబడాలని నాలుగు వేసుకుంటే 900. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చిందేమిటంటే, రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ సప్లిమెంట్ల రూపంలో తీసుకుంటే రక్తంలో కాలేయ ఎంజైములు పెరుగుతాయని. టీ తాగేవాళ్లకు సగటున రోజుకు అందేది 90 నుంచి 300 మిల్లీగ్రాములు. నాలుగు క్యాప్సూళ్లు వేసుకున్న మనిషి ఆ 800 హద్దు దాటేశాడు. దాటానని అతనికి తెలిసే దారే లేదు.

‘పాలీఫినాల్స్ 90 శాతం’ అని రాశాం కదా అంటారు తయారీదారులు. ఆ అంకె సాధారణంగా రంగు మారే రసాయన పరీక్షతో వస్తుంది. ఆ పరీక్ష పాలీఫినాల్స్‌ను విడదీయదు, అన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. కాటెకిన్లను ఒక్కొక్కటిగా విడదీసి కొలవాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్ష చేయాలి. ఆకు మారినా, సారం తీసే పద్ధతి మారినా ఈజీసీజీ వాటా మారుతుంది. డబ్బా మీది 90 శాతం మాత్రం అలాగే ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీ ఏ మాత్రం వసతులున్న ల్యాబ్‌లోనైనా జరిగే పరీక్షే. దీన్ని తప్పనిసరి చేయడానికి అడ్డేమిటో మాకు అర్థం కావడం లేదు.

ఇంతకంటే బాధ కలిగించేది, కొన్ని డబ్బాల మీద పరగడుపున వేసుకోమని రాసి ఉండడం. ఖాళీ కడుపుతో వేసుకుంటే రక్తంలోకి చేరే ఈజీసీజీ, తిండితో వేసుకున్నప్పటి కంటే మూడు రెట్లకు పైగా ఉంటుందని 2005లోనే తేలింది. అంటే సురక్షితమనుకున్న డోసును ఆ సూచనే ప్రమాదకరం చేయగలదు. అమెరికాలోని మిన్నెసోటాలో వెయ్యి మందికి పైగా మహిళలతో జరిగిన పరీక్షలో రోజుకు 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ ఏడాది పాటు ఇచ్చారు. ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైము బాగా పెరిగినవాళ్లు సారం వేసుకున్న వర్గంలో సుమారు 5 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వర్గంలో 1 శాతం లోపు. అక్కడ క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేశారు. పెరిగితే మాత్ర ఆపించారు. ఇంట్లో డబ్బా తెరుచుకుని వేసుకునేవాళ్లకు రక్తం తీసి చూసేదెవరు?

కాలేయం దెబ్బతిన్నవాళ్లకు సాధారణంగా క్యాప్సూళ్లు మొదలుపెట్టిన ఒకటి నుంచి ఆరు నెలల్లో నీరసం, వికారం, ముదురు రంగు మూత్రం, కామెర్లు కనిపిస్తాయి. రిపోర్టులు వైరల్ హెపటైటిస్‌లాగే ఉంటాయి. ఏ మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే ‘ఏమీ లేవు’ అంటారు. టీ మందు కాదు కదా! ఆపేస్తే చాలామంది కోలుకుంటారు. గుర్తించక కొనసాగిస్తే కాలేయ మార్పిడి దాకా వెళ్లిన కేసులూ ఉన్నాయి. ఇది ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. అమెరికాలో 2020లో వెలువడిన పరిశీలనలో గ్రీన్ టీ సారం వల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్లలో 72 శాతం మందికి హెచ్ఎల్ఏ-బి*35:01 అనే జన్యురూపం ఉంది. సాధారణ జనంలో అది 11 శాతమే. అది తమలో ఉందని ఎంతమందికి తెలుసు?

ఇక డబ్బాల మీది ‘శాస్త్రీయంగా నిరూపితం’ అన్న అచ్చు. జపాన్‌లో 40,530 మందిని గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో గుండె జబ్బుల మరణాలు తక్కువగా కనిపించిన మాట నిజం. వాళ్లు టీ తాగినవాళ్లు, క్యాప్సూళ్లు మింగినవాళ్లు కాదు. క్యాన్సర్ మరణాల్లో అక్కడ తేడా లేదు. బరువు విషయంలో, జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012 సమీక్ష చూడండి: జపాన్ బయట జరిగిన పరీక్షల్లో తగ్గింది సగటున 40 గ్రాములు. దాన్ని ఫలితమని ఎలా అంటాం? ల్యాబ్ ప్రయోగాలే రుజువంటారా, గిన్నెలో కణాల మీద పోసే ఈజీసీజీ మోతాదు, టీ తాగినవాళ్ల రక్తంలో దొరికేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

వేరే మందుల పనికి అడ్డుపడే సంగతి లేబుళ్ల మీద దాదాపు కనిపించదు. రోజుకు 700 మిల్లీలీటర్ల గ్రీన్ టీ 14 రోజులు తాగాక నాడోలాల్ అనే బీపీ మందు ఇస్తే, రక్తంలో దాని మోతాదు 85 శాతం పడిపోయింది. అది మామూలు టీతోనే.

ఫ్రాన్స్, స్పెయిన్ ఇలాంటి ఒక సారాన్ని 2003లోనే మార్కెట్ నుంచి తీసేశాయి. యూరోపియన్ యూనియన్ 2022లో రోజువారీ ఈజీసీజీ మోతాదు 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నిబంధన పెట్టింది. 18 ఏళ్ల లోపువాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదనీ, ఖాళీ కడుపుతో వేసుకోకూడదనీ డబ్బా మీదే రాయించింది. ఆ పాఠం మీ ముందుంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

దయచేసి రోజువారీ మోతాదులో ఈజీసీజీ ఎన్ని మిల్లీగ్రాములో రాయించండి. పరగడుపున వేసుకోమనే సూచన తీయించండి. కామెర్ల కేసు నమోదు చేసే ఫారంలో సప్లిమెంట్లకు ఒక గడి పెట్టించండి. ఏదీ ఇప్పట్లో కుదరదంటే ముందు ఆ అంకె ఒక్కటైనా వేయించండి. అదీ కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. ఈ లేఖకైనా జవాబు ఇప్పించమని వేడుకుంటున్నాం.

ఇట్లు,
ఔషధ భద్రత, పోషకాహార రంగాల్లో పనిచేస్తున్నవాళ్లం