భుజం ఆపరేషన్ తర్వాతి నెలల గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కీహోల్ సర్జరీల (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే ఆపరేషన్ల) మీద ఆరోగ్యం పేజీల్లో వచ్చే వ్యాసాల్లో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి: చిన్న గాటు, మర్నాడే ఇంటికి. రెండూ నిజమే. కానీ మాటిమాటికీ జారిపోయే భుజంలో చిరిగిన మృదులాస్థిని కుట్టించుకున్నవాళ్లకు ఈ రెండు మాటలే చేటు తెస్తున్నాయి. నేను అలాంటివాళ్లకు ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి రావాల్సినవాళ్లలో చాలామంది రారు. వచ్చినవాళ్లలోనూ కొందరు అప్పటికే ఆటలో దిగి, భుజం మళ్లీ కలుక్కుమన్నాక వస్తారు. అందుకే ఈ ఉత్తరం.

భుజం కీలులో చేతి ఎముక పైకొన ఒక బంతిలా ఉంటుంది. ఆ బంతి పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు తక్కువది. ఏ క్షణాన చూసినా బంతిలో మూడో వంతుకు మించి గిన్నెకు ఆనుకుని ఉండదు. చెయ్యి అన్ని వైపులకూ తిరగగలిగేది అందువల్లే, జారిపోయేదీ అందువల్లే. గిన్నె చుట్టూ లాబ్రమ్ అనే మృదులాస్థి అంచు ఉంటుంది. గిన్నె లోతులో దాదాపు సగం ఆ అంచు వల్ల వచ్చిందే. కీలును బిగించి ఉంచే లిగమెంట్లు కూడా దాన్నే పట్టుకుని ఉంటాయి. చెయ్యి పైకెత్తి వెనక్కి వాల్చి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే బంతి ముందుకు జారుతూ ఆ అంచును ఎముక నుంచి ఊడబెరుకుతుంది. ఈ గాయాన్ని 1923లో వివరించిన బ్రిటిష్ సర్జన్ బ్యాంకార్ట్ పేరుతోనే డాక్టర్లు ఇప్పటికీ దాన్ని పిలుస్తారు.

జారిన భుజాన్ని ఎమర్జెన్సీలో సరిచేసి ఎక్స్‌రే తీస్తే అంతా బాగానే కనిపిస్తుంది. లాబ్రమ్ ఎక్స్‌రేలో కనపడదు, దానికి ఎమ్మారై కావాలి. ఇరవై ఏళ్లలోపు ఆటగాళ్లకు ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశమే ఎక్కువ కాబట్టి, "ఎక్స్‌రే నార్మల్" అన్న మాటతో ఊరుకోకుండా మొదటిసారే ఎముకల డాక్టరుకు చూపించాలి. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. అలాగే గిన్నె అంచు ఎముక కూడా బాగా అరిగిపోయి ఉంటే మృదులాస్థిని కుట్టడం ఒక్కటే సరిపోదు, ఎముక ముక్కను తెచ్చి అమర్చే వేరే ఆపరేషన్ అవసరమవుతుంది. అది సర్జన్ తేల్చాల్సిన విషయం.

నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆపరేషన్‌లో నాలుగు మిల్లీమీటర్ల గొట్టంలాంటి కెమెరా లోపలికి పంపి, సెలైన్‌తో కీలును ఉబ్బించి, ఎముక అంచును గీకి, అందులో యాంకర్లు అనే చిన్న మేకుల్లాంటివి దించుతారు. వాటికున్న దారాలతో ఊడిన అంచును ఎముకకు బిగించి కడతారు. ఆ దారం అంచును కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతవరకే. అతకాల్సింది శరీరం తనంతట తాను, నెలల తరబడి. పైన చర్మం మీది గాట్లు మాత్రం రెండు వారాల్లో మానిపోతాయి. మనిషి కంటికి కనపడేది ఆ చర్మమే.

సర్జన్‌ను బట్టి, గాయాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో, అంటే మెడకు వేలాడే పట్టీలో, ఉండాలి. ఆ రోజుల్లో చేతిని బయటికి తిప్పకూడదు. బరువులతో కండ బలం పెంచే వ్యాయామాలు సుమారు మూడు నెలలకు మొదలవుతాయి. విసిరే ఆటలకూ ఒళ్లు ఒళ్లు తగిలే ఆటలకూ ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఇందులో నన్ను భయపెట్టేది రెండో నెల. అప్పటికి నొప్పి తగ్గిపోతుంది, చెయ్యి తల దాకా లేస్తుంది, అతుకు మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఒక వాలీబాల్ కుర్రాణ్ణి "కుట్లు విప్పేశారుగా" అని కోచ్ సరిగ్గా ఆ నెలలోనే ఆటకు దింపారు. స్మాష్ కొట్టబోతే లోపల ఏదో కదిలింది. బల్ల మీద పడుకోబెట్టి చేతిని మెల్లగా పక్కకు తెచ్చి వెనక్కి తిప్పబోయాను. నొప్పి అని అనలేదు. ముఖం బిగుసుకుపోయింది, రెండో చెయ్యి దానంతట అదే వచ్చి నా మణికట్టు పట్టేసింది. ఆ భయం పోగొట్టుకోవడానికే ఆ కుర్రాడు ఆపరేషన్ చేయించుకున్నాడు!

దీనికి పూర్తి వ్యతిరేకంగా చేసేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఊడుతుందోనని నెలల తరబడి స్లింగ్ తీయరు, ఇంట్లోవాళ్లు తీయనివ్వరు. ఆ భుజం కొయ్యబారిపోయి జుట్టు దువ్వుకోవడానికి కూడా లేవదు. రెండు రకాలవాళ్ల డిశ్చార్జి కాగితాల్లోనూ నాకు కనిపించేది ఒకటే వాక్యం: స్లింగ్ వాడండి, రివ్యూకి రండి. ఎన్నాళ్లు వాడాలో, స్నానానికి తీయవచ్చో లేదో, ఏ కదలిక ఏ వారం దాకా వద్దో, ఫిజియోథెరపీకి ఎప్పుడు వెళ్లాలో అందులో ఉండదు. మందుల పేర్లు మాత్రం పూటలతో సహా ఉంటాయి.

ఆసుపత్రులను నేను కోరేది ఆ ఒక్క కాగితం గురించే. వారాల వారీగా, రోగి చదువుకోగలిగిన భాషలో రాసి, ఇంట్లోవాళ్ల ముందు ఒకసారి చదివి వినిపించి ఇవ్వండి. బీమా సంస్థలు ఆపరేషన్ ఖర్చుతో పాటు ఆ తర్వాతి ఫిజియోథెరపీని కూడా చికిత్సలో భాగంగానే లెక్కించాలి. కోచ్‌లు, వ్యాయామ ఉపాధ్యాయులు ఆ కాగితం అడిగి చూడాలి. సర్జనూ ఫిజియోథెరపిస్టూ రెండు భుజాల బలం పోల్చి చూసి సరే అన్నాకే పిల్లల్ని ఆటలోకి తీసుకోవాలి. సెలవు ఇచ్చే యజమానులు కూడా గాటు సైజు చూడకుండా పని ఏమిటో చూడాలి. కుర్చీలో కూర్చుని చేసే పనికి కొన్ని వారాలకే తిరిగి రావచ్చు. తలకు పైన బరువులెత్తే మనిషికి నెలలు పడుతుంది.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఇక మీదట కీహోల్ సర్జరీ గురించి వేసే వ్యాసంలో "మర్నాడే ఇంటికి" అన్న వాక్యం పక్కనే, ఏ పని ఎన్ని వారాలకు, ఏ ఆట ఎన్ని నెలలకు అన్నది కూడా ఆ సర్జన్‌నే అడిగి వేయండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు