శీనుకి, క్రాకోవ్ నుంచి

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడంతా బాగానే ఉంది. ఉద్యోగం నడుస్తోంది, చలి తగ్గింది, అమ్మ పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. పాప ఫొటో చూశాను, అచ్చం చెల్లెమ్మ పోలికే. మిగతా కబుర్లు తర్వాత. ఒక బొమ్మ సంగతి నీకు చెబితే గాని నాకు మనసు ఆగేలా లేదు.

పాస్‌పోర్ట్ పని మీద వార్సాలో మన ఎంబసీకి వెళ్లాను. పని తొందరగా అయిపోయింది, రైలుకి బోలెడు టైముంది, నేషనల్ మ్యూజియంలో దూరాను. అక్కడ జనమంతా పోలండ్ చిత్రకారుడు యాన్ మతేయ్‌కో వేసిన గ్రున్వాల్డ్ యుద్ధం బొమ్మ ముందే ఉంటారు. దాదాపు పది మీటర్ల వెడల్పు, చూడాల్సిందే. కానీ నన్ను కట్టిపడేసింది ఆయనదే ఇంకో బొమ్మ. 1874లో చెక్క పలక మీద నూనె రంగులతో వేశాడు, రెండు మీటర్ల వెడల్పు కూడా లేదు. అందులో ఉన్నది మా గంటరా! ఇక్కడ క్రాకోవ్‌లో, వావెల్ గుట్ట మీది కేథడ్రల్‌లో ఉండే జిగ్మున్త్ గంట!

న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన హాన్స్ బెహామ్ 1520లో పోతపోశాడు దాన్ని. చేయించింది రాజు మొదటి జిగ్మున్త్, అందుకే ఆ పేరు. 1521 జూలైలో గోపురంలోకి ఎక్కించారు. గంట ఒక్కటే తొమ్మిది టన్నుల పైమాట. ఇప్పటికీ పన్నెండు మంది తాళ్లు పట్టి లాగితేనే మోగుతుంది. పెద్ద పండగలకే మోగిస్తారు. ఈస్టర్‌కి గుట్ట కింద నిలబడి విన్నాను, ఛాతీ అదిరింది.

మతేయ్‌కో పట్టుకున్నది దాన్ని పైకెత్తే క్షణాన్ని. రాజు, రాణి బోనా, కొలువంతా పట్టుబట్టల్లో మెరిసిపోతున్నారు. నా కళ్లు మాత్రం తాళ్లు లాగే పనివాళ్ల మీద నుంచి కదల్లేదు. మన తేరు కదిలే ముందు జనం ఒక్కసారిగా వెనక్కి వాలతారే, ఆ బిగువు కనిపించింది వాళ్లలో. వెంటనే నువ్వూ, నీ చెప్పులూ, పంతులుగారూ గుర్తొచ్చారు. ఇంతకంటే రాయను, చెల్లెమ్మ చదువుతుంది.

ఇంటికొచ్చాక ఆ 1874 గురించే ఆలోచన. అప్పుడు మ్యాప్‌లో పోలండ్ అనే దేశమే లేదురా. 1772, 1793, 1795ల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడు విడతలుగా పంచేసుకున్నాయి. క్రాకోవ్ ఆస్ట్రియా చేతిలో ఉంది. రాజు లేడు, రాజ్యం లేదు, గంట మాత్రం గోపురంలోనే ఉంది. మతేయ్‌కో ఈ ఊళ్లోనే పుట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆ మోత వింటూ పెరిగినవాడు, దేశం బాగున్న రోజుల్ని చూపించాలనుకుని, ఒక్క ప్రాణం కూడా పోని రోజుని ఎంచుకున్నాడు చూడు! నా లెక్కలో ఇది గ్రున్వాల్డ్ కంటే గొప్ప బొమ్మ. నువ్వు ఒప్పుకోవు, నీకు గుర్రాలుండాలి.

ఆ గుంపులో స్టాంచిక్ అనే ఆస్థాన విదూషకుడు కూడా ఉన్నాడు. 1862లో ఆయన్ని విడిగా వేసినప్పుడు మతేయ్‌కో తన ముఖమే ఇచ్చాడంటారు. అందరినీ నవ్వించాల్సిన మనిషి దిగులుగా కూర్చుని ఉంటాడు అందులో. నాన్నగారు ఆఖరి రోజుల్లో వరండాలో... వద్దులే, అది ఎదురుగా కూర్చుని చెప్పుకోవాల్సింది.

అన్నట్టు, గోపురం మెట్లెక్కి గంటని దగ్గర్నుంచి చూశాను. 2000 క్రిస్మస్ నాడు దాని నాలుక విరిగితే మరుసటి ఏడు కొత్తది పెట్టారు. దాన్ని తాకితే మంచి జరుగుతుందనీ, పెళ్లి కాని వాళ్లకి పెళ్లవుతుందనీ ఇక్కడి నమ్మకం. సుబ్బుగాడి పేరు తలుచుకుని గట్టిగా తాకాను, వాడికి చెప్పకు.

నువ్వు వస్తే ముందు వార్సాలో బొమ్మ చూపిస్తా, ఆ తర్వాతే గంట. టికెట్లు ఎప్పుడు తీస్తున్నావో వెంటనే రాయి. ఇంకా బెహామ్ గురించి చెప్పాల్సింది ఉంది గానీ పోస్టాఫీసు మూసే వేళైంది, పరిగెత్తాలి.

నీ
రవి