ఉప్పుటేటి చేపకు పేరు పెట్టే ముందు తోక చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే చెన్నై చుట్టుపక్కల ఉప్పుటేళ్ళలో గాలం వేసేవాళ్ళకు ఏదో ఒక తెలియని చేప తగులుతుంది. దాని ఫొటో నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగి, మర్నాటికి పత్రికలో 'వింత చేప'గా తేలుతుంది. వార్తలో పేరుండదు, పొడవుండదు. ఫొటోలో చేపను దవడ పట్టుకుని వేలాడదీసి, వెనకాల నలుగురు నవ్వుతూ నిలబడి ఉంటారు. అలాంటి ఫొటో చూసి ఏ శాస్త్రజ్ఞుడూ పేరు చెప్పలేడు. ఎన్నూరు, ముట్టుకాడు, పళవేర్కాడు (పులికాట్) వైపు ఆదివారాలు గాలాలు పట్టుకెళ్ళే మన తెలుగువాళ్ళు చెన్నైలో చాలామందే ఉన్నారు కనుక, చేపను ఎలా పోల్చుకోవాలో మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం.

చలికాలంలోనే ఈ తంటా ఎందుకు? చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. పూండి జలాశయం నిండితే మిగులు నీరు కుశస్థలి నదిలో, అంటే ఇక్కడివాళ్ళ కొసస్తలైయార్‌లో, ఎన్నూరుకు దిగుతుంది. పుళల్ చెరువు మిగులు కూడా అటే చేరుతుంది. చెంబరంబాక్కం చెరువు నీళ్ళు అడయారు నదిలో పడతాయి. ఆ నీళ్ళతో చెరువుల్లోని రోహు, తిలాపియా, ఎవరో అక్వేరియంలోంచి వదిలేసిన చేపల సంతానం, అన్నీ కొట్టుకొస్తాయి. అదే వరద, ఎండాకాలంలో ఇసుక మేటతో పూడిన మొగలను, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్లను, కోసేస్తుంది. అటునుంచి సముద్రపు పిల్లచేపలు లోపలికి ఎక్కుతాయి. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది, వాన నీరు పైన తేలుతుంది. ఒకే రేవులో బెండు కట్టి రెండడుగుల లోతున ఎర వేస్తే తిలాపియా, సీసం కట్టి అడుగుకు దించితే జెల్ల పడటానికి కారణం ఇదే. కాబట్టి ఏ లోతున పడిందో గుర్తుంచుకోండి. పేరు తేల్చడంలో సగం పని అక్కడే అయిపోతుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం, దాని మీద జారేలా 20 గ్రాముల సీసపు గుండు, దాని కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కడియం), ఆ తర్వాత ఒకటిన్నర అడుగు కొస దారం, చిన్న గాలం చాలు. సీసాన్ని దారానికి బిగించి కడితే చేప ఎర అందుకోగానే బరువు తెలిసి వదిలేస్తుంది. బతికున్న రొయ్యను ఎరగా పెడితే కొమ్ము కింద గుచ్చాలి. తలలో కనిపించే నల్లటి చుక్కకు గాలం తగిలిందా, రొయ్య అక్కడికక్కడే చస్తుంది. పౌర్ణమి, అమావాస్యల్లో కూడా చెన్నై తీరంలో పోటుకూ పాటుకూ తేడా ఒక మీటరుకు అటూ ఇటూనే. హార్బరు పట్టికలో వేసిన సమయానికి ఉప్పుటేటి లోపల నీరు తిరగదు, బాగా ఆలస్యమవుతుంది. లోపల నీరు పాటు పట్టిన మొదటి రెండు గంటలు మంచివి. పిల్లకాలువల్లోంచి రొయ్యలు, చిన్నచేపలు పెద్ద పాయలోకి జారేది అప్పుడే.

తెగిన దారం కూడా సాక్ష్యమే. బ్లేడుతో కోసినట్టు నున్నగా తెగితే అది ఒళ్ళు ఉబ్బించుకునే పఫర్ చేప పని. దానికి చిలక ముక్కులాంటి నాలుగు పళ్ళుంటాయి. దారం గరుకుగా అరిగి, పీచు లేచి తెగితే పండుగప్ప చెవి రెక్క అంచునో, ఆల్చిప్పలనో అనుమానించాలి. పఫర్ పడితే వంట సంగతి మర్చిపోండి. దాని కాలేయంలో, గుడ్లలో, చర్మంలో ఉండే విషం ఎంత ఉడికించినా పోదు.

ఇక పోల్చుకోవడం. మీసాలున్న ప్రతి చేపనూ జెల్ల అనేస్తారు. అక్కడే ప్రమాదం. మీసాల చేప పడితే ముందు తోక చూడాలి. తోక చీలి, వీపున వెనకవైపు చిన్న కండ రెక్క ఉంటే జెల్ల. తోక గుండ్రంగా, విడిగా ఉండి, వీపు రెక్క తల వెనక నుంచి తోక దాకా సాగితే 'మార్పు' అనే చేప జాతి. అడుగున్నర దాటి పెరిగి, తల బల్లపరుపుగా ఉంటే అది దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కావచ్చు. ఇక వీపు రెక్క, తోక, కింది రెక్క మూడూ కలిసిపోయి, వెనక భాగం మలుగుపాములా కొనదేలి ఉంటే అది ఇంగిలాయి. తమిళులు ఇరుంగెళుత్తి అంటారు. చేతికి మొదట తగిలేవి దాని వీపు ముల్లు, చెంప పక్కన రెండు ముళ్ళు. మూడింటికీ రంపపు పళ్ళున్నాయి, విషమూ ఉంది. గాలం తీయాలని చూడొద్దు, దారం కోసేయండి. గుచ్చుకుంటే గుడ్డ బిగించి కట్టొద్దు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. నీటి వేడిని గుచ్చుకోని చేత్తో చూడాలి. నొప్పితో ఉన్న చేతికి వేడి సరిగ్గా తెలియదు, బొబ్బలెక్కుతుంది. ఆ తర్వాత ముల్లు ముక్క లోపల మిగిలిందేమో డాక్టరుకు చూపించి ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి.

దువ్వెన చేపకూ తిలాపియాకూ తేడా ఇంకా తేలిక. కొంత తిలాపియా పచ్చగా, చుక్కలతో ఉంటుంది కాబట్టి రంగు నమ్మొద్దు. పొట్ట కింద, తోకకు ముందున్న రెక్కను వేలితో విప్పి ముళ్ళు లెక్కపెట్టండి. మూడుంటే తిలాపియా. పన్నెండో పదమూడో ఉంటే దువ్వెన చేప. పేరు ఊరికే రాలేదు.

అసలు చిక్కు వెండిరంగు చేపలతో. సంక్రాంతికి ముందు ముట్టుకాడులో జానెడు, బెత్తెడు పొడవున మెరిసే చేప పడితే చాలామంది పాలబొంత అనేసుకుంటారు. ఆ పేరుకు తగినవి మూడున్నాయి. పాలబొంతకు నోరు చిన్నది, పళ్ళుండవు, పొలుసులు చిన్నవి, తోక లోతుగా చీలి ఉంటుంది. టార్పన్‌కు కింది దవడ పైకి తిరిగి ఉంటుంది, పొలుసులు రూపాయి బిళ్ళల్లా పెద్దవి, ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే పక్కగీత మీద 36 నుంచి 40 మాత్రమే. వీపు రెక్కలో చివరి పుల్ల దారంలా వెనక్కి సాగి ఉంటుంది. అది గాలి కూడా పీల్చుకోగలదు కనుక, మురికి నీటిలో పైకొచ్చి గుటక వేస్తూ కనిపిస్తుంది. మూడోది ఎలాప్స్. సన్నగా ఉంటుంది, పొలుసులు చాలా చిన్నవి, వీపు రెక్కకు దారం ఉండదు. అనుమానం తీరకపోతే గడ్డం కింద వేలు పెట్టండి. దవడ రెండు ఎముకల మధ్య గట్టి పలక తగిలితే పాలబొంత కాదు, మిగతా రెండింట్లో ఒకటి. వీపు మీద విడివిడిగా రెండు రెక్కలుండి, మొదటిదాంట్లో నాలుగే ముళ్ళుంటే అది ఇక్కడివాళ్ళ మడవై, అంటే మల్లెట్ చేప.

ఫొటో తీసే పద్ధతి ఇది. చేప చచ్చిన నిమిషాల్లోనే రంగు మారిపోతుంది, కాబట్టి నీళ్ళలోంచి తీసిన వెంటనే తీయాలి. తడి గుడ్డ మీద ఎడమ పక్క పైకి వచ్చేలా పడుకోబెట్టి, రెక్కలు విప్పి, పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టాలి. బిళ్ళ అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు కాబట్టి అదే కొలబద్ద. ఒకటి పక్క నుంచి, ఒకటి నోటికి ఎదురుగా, ఒకటి పొట్ట వైపు. ఫ్లాష్ వేస్తే పొలుసులు మెరిసి లెక్కకు దొరకవు. చేపను పంపాల్సి వస్తే పేగులు తీయకుండా, బరువుకు సమానంగా ఐసు వేసి పెట్టాలి. శాంతోమ్ హైరోడ్డులో జూలాజికల్ సర్వే సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. ఇలాంటి ప్రశ్నలు వాళ్ళ పనే. వలలో సముద్ర గుర్రం పడితే మాత్రం ఎక్కడికీ పంపొద్దు, నీళ్ళలోకి వదలాలి. 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది.

పళవేర్కాడులో ఒక మాట. అక్కడి మత్స్యకారులు 'పాడు' అనే పద్ధతిలో వంతుల వారీగా రేవులు పంచుకుంటారు. కొయ్యలకు కట్టిన వలల మధ్య గాలం వేస్తే వాళ్ళ వంతు పాడుచేసినట్టే. అడిగి వేయండి. అక్కడా, ఎన్నూరులోనూ రాళ్ళను, కొయ్యలను కప్పేస్తున్న చిన్న నల్లటి ఆల్చిప్ప దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. స్థానికులు కాకా ఆళి అంటున్నారు. అది పరుచుకున్న చోట రొయ్య నిలవదు. కాబట్టి అది అంటిన తాడు, సీసం ఆరబెట్టకుండా మరో నీటిలోకి దించొద్దు. ఇక ఎన్నూరులో పట్టినది వంటకు పనికొస్తుందా అంటే, విద్యుత్ కేంద్రాల బూడిద కాలువల పక్కన, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో చమురు తేలిన నీటిలో పట్టిన చేపను నేనైతే తినమని చెప్పను.

చివరగా, మీ పత్రికలో తరచుగా కనిపించే దెయ్యం చేప. ఒంటి నిండా ఎముక పలకలు, తెరచాపలాంటి వీపు రెక్క, కిందివైపు నోరు, పొట్ట మీద పురుగులు పాకినట్టు గీతలు. అక్వేరియం దుకాణాల్లో గాజు శుభ్రం చేస్తుందని అమ్మే దక్షిణ అమెరికా చేప ఇది. ఉప్పును కొంత తట్టుకుంటుంది, గట్టుల్లో బొరియలు తవ్వుతుంది, వలలు చింపుతుంది. చచ్చిందనుకుని గట్టున పడేస్తే గంటల తరబడి బతికే ఉంటుంది, పోటు ఎక్కగానే మళ్ళీ నీళ్ళలోకి జారిపోతుంది. ఐసు పెట్టెలో వేసి, చచ్చాక గొయ్యి తీసి పూడ్చాలి. దాని ఫొటో వేసేటప్పుడు 'మళ్ళీ నీళ్ళలో వదలొద్దు' అని ఒక్క వాక్యం కింద వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు
చాకలిపేట, చెన్నై